దయ్యానికి కుక్క సాక్ష్యం

పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకుపోయేవాడి గురించి మన పెద్దలు ఏనాడో చెప్పి పెట్టారు. దయ్యాలను చూడబోతూ కుక్కను వెంటబెట్టుకుపోయేవాడు మాత్రం వాళ్ల ఊహకు అందలేదు. వాడిని చూడాలంటే అమెరికాలో సవానాకో చార్ల్స్‌టన్‌కో వెళ్లాలి. లేదా ఈ వ్యాపారానికి పెద్ద అంగడి అయిన స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరోకు వెళ్లాలి. పొద్దుగూకాక నల్ల కోటు తొడిగిన గైడు ముందు నడుస్తుంటాడు. వెనక పాతిక మంది మనుషులు, పాతిక సెల్‌ఫోన్లు, మధ్యలో తననెందుకు తెచ్చారో తెలియని ఒక లాబ్రడార్. 'కుక్కలకూ స్వాగతం' అని టికెట్టు ధర పక్కనే రాసిపెట్టే దయ్యాల టూర్లు ఇప్పుడు కొల్లలు.

కుక్క ఊరికే షికారుకొస్తే ఎవరికీ పేచీ లేదు. చూపులేనివారికి దారి చూపే శిక్షణ కుక్కల సంగతి అసలే వేరు, అవి తమ ఉద్యోగం మీద వస్తాయి. పేచీ అంతా మిగతా కుక్కలకు అంటగడుతున్న ఉద్యోగంతోనే. దయ్యం ఉందో లేదో అది చెప్పాలట! మనిషి కంటికి కనబడనిది కుక్కకు కనబడుతుందని గైడు గొంతు తగ్గించి చెబుతాడు. యజమాని గర్వంగా గొలుసు సవరించుకుంటాడు. ఆ క్షణం నుంచి పాపం ఆ జంతువు చెవి కదిలినా వార్తే, తోక ముడిచినా వార్తే.

ఇది తెల్లవాళ్ల పిచ్చి అని మనం నవ్వుకోవడానికి లేదు. అర్ధరాత్రి కుక్క ఏడిస్తే వీధిలో ఎవరికో మూడిందని మన ఊళ్లలోనూ అంటారు. దానికి యమదూతలు కనబడతారని నానమ్మలు చెబుతారు. యముడి దగ్గర నాలుగేసి కళ్ల కుక్కలు రెండున్నాయని ఋగ్వేదంలోనే ఉంది. అయితే ఒక తేడా. ఏడ్చే కుక్కను మనవాళ్లు కసిరి తరిమారే తప్ప దాని చుట్టూ చేరి ఫొటోలు తీసుకోలేదు. టికెట్టు పెట్టాలన్న ఆలోచన అసలే రాలేదు.

ఎడిన్‌బరోలో ఈ తతంగానికి ముఖ్య వేదిక గ్రేఫ్రయర్స్ శ్మశానం. అక్కడ సర్ జార్జ్ మెకంజీ సమాధి మంటపం ఉంది. ఆయన 17వ శతాబ్దపు రాజుగారి వకీలు. రాజు చెప్పినట్టు మతం మార్చుకోబోమన్న కవెనంటర్లను వెంటాడి శిక్షలు వేయించినందుకు 'నెత్తుటి మెకంజీ' అన్న పేరు మిగిలింది. వకీళ్ల కోసం గ్రంథాలయం పెట్టించిందీ ఆయనే, స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయానికి అదే మూలం. 1691లో పోయాడు. చీకటి పడ్డాక ఆ మంటపం తలుపు దగ్గరికెళ్లి మెకంజీని బయటికి రమ్మని సవాలు చేసి పరుగెత్తడం ఆ ఊరి పిల్లలకు పాత ఆటే. వందల ఏళ్లపాటు పెద్దమనిషి మాత్రం బయటికి రాలేదు.

1998 చివర్లో ఒక నిరాశ్రయుడు తలదాచుకోవడానికి లోపలికి దూరాడనీ, కాలికింద నేల విరిగి పాత శవాల గుంటలో పడ్డాడనీ, అప్పటినుంచి మెకంజీకి ఆగ్రహం వచ్చిందనీ కథ. 1999లో టూర్లు మొదలయ్యాయి. గీతలు, గాయాలు, కళ్లు తిరిగి పడిపోవడాలు కూడా అప్పుడే మొదలయ్యాయి. బతికున్నన్నాళ్లూ మనుషుల్ని ఉరికంబం ఎక్కించినవాడు, చచ్చి మూడొందల ఏళ్లయ్యాక టికెట్టు కొన్నవాళ్ల మెడ గిల్లడంతో సరిపెట్టుకుంటున్నాడు. అంతటివాడికి ఇదేం గతి?

అసలు విశేషం అదికాదు. ప్రపంచంలోకెల్లా పేరుమోసిన శ్మశానం కుక్క ఉన్నదీ అక్కడే. జాన్ గ్రే అనే పోలీసు కాపలాదారు 1858లో చనిపోతే, ఆయన కుక్క బాబీ 1872లో తాను పోయేదాకా ఆ సమాధిని వదల్లేదని ప్రసిద్ధి. 1867లో ఊళ్లో కుక్కలకు లైసెన్సు తప్పనిసరి అని ఒత్తిడి వస్తే నగర పెద్ద విలియం చాంబర్స్ తన డబ్బుతో రుసుము కట్టి దానికి పట్టీ చేయించాడు. ఆ పట్టీ ఇప్పటికీ ఎడిన్‌బరో మ్యూజియంలో ఉంది. 1873లో వీధి చివర విగ్రహం వెలిసింది. దాని ముక్కు రుద్దితే అదృష్టమని ఎవరు పుట్టించారో గాని, యాత్రికులు రుద్ది రుద్ది ఆ కంచు ముక్కును పసుప్పచ్చగా మార్చేశారు. (అది తమ ఊరి ఆచారమే కాదని, దయచేసి రుద్దొద్దని స్థానికులు మొత్తుకుంటూనే ఉన్నారు.)

బాబీ కథను అనుమానించేవాళ్లూ ఉన్నారు. యాన్ బాండెసన్ అనే పరిశోధకుడు 2011లో పుస్తకమే రాశాడు. ఆయన లెక్క ప్రకారం అది ఒక కుక్క కాదు, రెండు. మొదటిది పోయాక సందర్శకుల రాబడి పోకుండా రెండోది వచ్చింది. ఒకటైనా రెండైనా వచ్చే ప్రశ్న మాత్రం ఒకటే. దాదాపు పద్నాలుగేళ్లు రాత్రింబవళ్లు ఆ శ్మశానంలోనే పడి ఉన్న కుక్కకు విశ్వాసం విషయంలో ఇంత పేరొచ్చిందే గాని, మెకంజీ మంటపం వైపు తిరిగి మొరిగినట్టు పేరు రాలేదేం? అన్నేళ్ల స్థానికుడికి కనబడని దయ్యం గంటన్నర టూరుకొచ్చిన లాబ్రడార్‌కు ఎలా కనబడుతుంది?

కుక్క ఇంద్రియాలు మనకన్నా చురుకైనవి కదా అంటారు టూరు భక్తులు. నిజమే. మనిషి చెవి ఇరవై వేల హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే కుక్క చెవి నలభై వేలు దాటిపోతుంది. ముక్కు సంగతి చెప్పనే అక్కర్లేదు. కాని అంత గొప్ప ముక్కున్న జీవి పాత శ్మశానానికి పోతే ముందు దేన్ని పసిగడుతుంది? నక్కలు తిరిగిన దారి, ఎలుక బొరియ, పగలు వచ్చిపోయిన మరో కుక్క ఒలకబోసిన సమాచారం, పక్క వీధి హోటల్లో వేగుతున్న చేప. ఇన్ని ఉండగా గోడ మూలకు చూసి గుర్రుమంటే అది తప్పకుండా మెకంజీయే అయ్యుండాలా?

కాస్త చదువుకున్న భక్తులు ఇన్‌ఫ్రాసౌండ్, అంటే మన చెవికి అందనంత మంద్రమైన ధ్వని, పేరెత్తుతారు. దానికీ ఒక నిజం కథ ఉంది. విక్ టాండీ అనే ఇంజనీరు ఇంగ్లండ్‌లో తను పనిచేసే ప్రయోగశాలలో కంటి కొసన బూడిదరంగు ఆకారాన్ని చూసి హడలిపోయాడు. తరవాత తీగ లాగితే డొంకంతా ఒక ఫ్యాన్ దగ్గర తేలింది. అది సుమారు 19 హెర్ట్జ్ దగ్గర గాలిని కంపింపజేస్తోంది. చెవికి వినబడదు, ఒంటికి మాత్రం తెలుస్తుంది. 1998లో ఆయన ఆ సంగతిని అచ్చులో పెట్టాడు. 'చూశారా, మనకు వినబడని ధ్వనులు కుక్కకు వినబడతాయి' అని టూరు భక్తులు ఎగిరి గంతేస్తారు. గంతేసే ముందు కుక్క చెవి కింది హద్దు చూసుకోవాల్సింది. అది అరవై హెర్ట్జ్ పైమాటే. మనిషి ఇరవై దాకా దిగి వినగలడు. మంద్రస్థాయిలో కుక్క మనకంటే చెవిటిది.

ఇక శాస్త్రీయమైన ఆధారం అంటూ తిప్పి తిప్పి చెప్పుకునేది అమెరికాలోని కెంటకీలో జరిగిన ఒక ముచ్చట. రాబర్ట్ మోరిస్ అనే పరిశోధకుడు దాన్ని వెలుగులోకి తెచ్చాడు. దుర్మరణం జరిగిందన్న ఇంట్లోకి ఒక కుక్కను, పిల్లిని, గిలకపామును, ఎలుకను విడివిడిగా తీసుకెళ్లారు. కుక్క రెండడుగులు వేసి గుర్రుమని వెనక్కి తగ్గింది. పిల్లి యజమాని భుజం మీదికి ఎగిరి ఖాళీ కుర్చీ వైపు బుసకొట్టింది. పాము కూడా అటే పడగెత్తినంత పనిచేసింది. ఎలుక మాత్రం ఏమీ పట్టించుకోలేదు. జాతికి ఒక్క ప్రాణి, ఒక్క ఇల్లు, జంతువులను పట్టుకున్నది మనుషులే. దీన్ని సాక్ష్యమంటే నాలుగో సాక్షి మాటా వినాలి. ఎలుకలకు స్వాగతం అని ఏ టూరూ రాయదు. ఇదే మోరిస్ 1985లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. ఆ ఊళ్లోనే ఉండి కూడా దయ్యాల మీద కుక్కల వాంగ్మూలంతో సిద్ధాంతం కట్టి వెళ్లలేదు.

మరి కుక్క ఎందుకు బెదురుతుంది? దీనికి జవాబు తెలుసు. గొలుసుకు రెండో కొసన ఉన్నవాడిని చూసి బెదురుతుంది.

ఇటలీలో నేపుల్స్ విశ్వవిద్యాలయం వారు ఒక ప్రయోగం చేశారు. కొందరికి భయపెట్టే వీడియో, సంతోషం కలిగించే వీడియో చూపించి అప్పుడు వాళ్లకు పట్టిన చెమటను సేకరించారు. దాన్ని లాబ్రడార్లకు, గోల్డెన్ రిట్రీవర్లకు వాసన చూపించారు. భయం చెమట తగలగానే కుక్కల గుండె వేగం పెరిగింది, ఆందోళన లక్షణాలు కనబడ్డాయి, అవి యజమాని దగ్గరికి చేరాయి. 2018లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. ఇప్పుడు గ్రేఫ్రయర్స్ టూరును ఊహించండి. భయపడటానికి డబ్బు కట్టి మరీ వచ్చిన పాతిక మంది, ఇరుకు రాతి గది, తలుపు మూత. ఆ గదిలో కుక్క ముక్కుకు దయ్యంతో పనేముంది?

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణం వారు 2011లో ప్రచురించిన పరీక్ష ఇంకా రుచికరమైనది. మాదకద్రవ్యాలు, పేలుడు పదార్థాలు పసిగట్టే 18 శిక్షణ కుక్కలను వాటిని నడిపే హ్యాండ్లర్లతో ఒక చర్చిలోకి పంపారు. కొన్నిచోట్ల ఎర్ర కాగితం ఉంటే అక్కడ సరుకు దాచినట్టని హ్యాండ్లర్లకు ముందే చెప్పారు. నిజానికి చర్చి మొత్తం మీద ఎక్కడా గోరంత సరుకు లేదు. అయినా కుక్క పసిగట్టిందంటూ హ్యాండ్లర్లు 225 సార్లు చెప్పారు. అన్నీ తప్పే. ఎర్ర కాగితం ఉన్నచోటనే ఎక్కువగా. యజమాని నమ్మకం కుక్క నోట పలకడమంటే ఇదే. ప్రభుత్వ శిక్షణ పొందిన కుక్కలకే ఈ గతి పడితే, సోఫా మీద పడుకుని బిస్కెట్లు తినే కుక్కను తెచ్చి మెకంజీ మంటపం ముందు నిలబెట్టి 'ఏమైనా తెలుస్తోందా నాన్నా?' అని అడిగితే అది ఏం చెప్పాలి? నాన్న ముఖం చూసి చెబుతుంది.

టూరు ఆర్థికశాస్త్రం ఇక్కడే తెలుస్తుంది. మనిషిని చూసి కుక్క బెదురుతుంది, కుక్కను చూసి మనిషి బెదురుతాడు, ఇద్దరి మధ్య గైడు మాట్లాడకుండా నిలబడితే చాలు. నల్లకోటు వేసిన మరో నటుడికి చీకట్లోంచి దూకడానికి జీతం ఇవ్వక్కర్లేదు. ఆ పని కుక్క ఉచితంగా చేసిపెడుతోంది. ఎలక్ట్రీషియన్లు వైర్లు చూసుకోవడానికి వాడే అయస్కాంత క్షేత్రం మీటరును దయ్యాల మీటరు చేసేసినవాళ్లకు, చెవులూ తోకా ఉన్న మీటరు దొరికితే వదులుతారా?

కొన్ని టూర్లలో దూకే నటులూ ఉంటారు. అక్కడికీ కుక్కను తీసుకుపోవడం ఇంకో ఘనకార్యం. చీకట్లో ఎవడో కేక పెట్టి మీదికి దూకితే అది నటన అని కుక్కకు చెప్పేదెవరు? కరిస్తే తప్పు కుక్కదవుతుంది. భయంతో కుక్క వణికిపోతే 'అదిగో, మెకంజీ!' అని చప్పట్లు. రెండు విధాలా నష్టం దానికే.

ఈ సందడిలో అసలు చరిత్రకు టైము మిగలదు. 1679లో బాత్వెల్ బ్రిడ్జి యుద్ధంలో ఓడిన కవెనంటర్లను తెచ్చి గ్రేఫ్రయర్స్ పక్కనే ఉన్న మైదానంలో బంధించారు. పైకప్పు లేదు, కంబళ్లు లేవు, నెలల తరబడి అలాగే ఉంచారు. వారిలో 257 మందిని బానిసల్లా అమ్మడానికి ఓడ ఎక్కించారు. ఆ ఓడ డిసెంబరులో ఆర్క్‌నీ దీవుల దగ్గర తుఫానులో రాళ్లకు కొట్టుకుంది. ఓడ మునిగితే రెండొందల మందికి పైగా జలసమాధి అయ్యారు. ఒళ్లు గగుర్పొడవడానికి ఇది చాలదని, కుక్క తోక ఎటు తిరిగిందో చూస్తూ నిలబడుతున్నారు జనం.

మన ధర్మరాజు స్వర్గ ద్వారం దగ్గర కుక్కను వదిలి లోపలికి రానన్నాడు. ఆ కథలో పరీక్ష మనిషికి, కుక్కకు కాదు. దాన్ని అక్కడ నిలబెట్టి దేవతలు కనబడుతున్నారా అని ఆయన అడగలేదు.

కాబట్టి ఎడిన్‌బరోకు కుక్కతో వెళ్లే తెలుగువారికి ఒక మనవి. పగటిపూట గ్రేఫ్రయర్స్ శ్మశానంలోకి వెళ్లడానికి టికెట్టు లేదు. మెకంజీ మంటపం, బాబీ సమాధి, శవదొంగల భయానికి గోరీల మీద బిగించిన ఇనుప బోనులు అన్నీ వెలుగులో చూడొచ్చు. రాత్రి టూరుకు వెళ్లాలనిపిస్తే వెళ్లండి, భయపడండి, డబ్బు మీది. కుక్కను మాత్రం సాయంత్రమే హోలీరూడ్ పార్కుకు తీసుకెళ్లి ఆర్థర్స్ సీట్ కొండ ఎక్కించి తెచ్చి, దాని గిన్నెలో అన్నం పెట్టి గదిలో పడుకోబెట్టి వెళ్లండి.