గుండెమంటా? అజీర్తా? పల్నాటి ఉదర మీమాంస

పల్నాటిలో ఛాతీకీ బొడ్డుకీ మధ్య ఏమొచ్చినా దాని పేరు గ్యాస్. నరసరావుపేట బస్టాండు దగ్గర, బజ్జీల బండి ముందు రొమ్ము రుద్దుకుంటున్న పెద్దాయన్ని ‘ఏం బాబాయ్?’ అని అడగండి, ‘గ్యాసురా అబ్బాయ్’ అంటాడు. మాచర్లలో పొట్ట ఉబ్బి చొక్కా గుండీ పట్టని బావగారిదీ అదే మాట. తర్కశాస్త్రం దీన్ని అతివ్యాప్తి దోషమంటుంది. ఆవుకి నాలుగు కాళ్ళున్నాయి కనక మంచం కూడా ఆవే అనడం.

ముందు లక్షణ నిర్ణయం. గుండెమంటకి గుండెతో ఏ చుట్టరికమూ లేదు. అన్నవాహిక పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. దాని అడుగున ఉన్న కండర ద్వారం వదులైతే కడుపులోని ఆమ్లం ఎదురెక్కుతుంది. రొమ్ము ఎముక వెనక మంట, గొంతులో పుల్లనీళ్ళు. అజీర్తి కాపురం అంతకు దిగువన, బొడ్డుకి పైన. బరువు, ఉబ్బరం, వికారం, నాలుగు ముద్దలకే ఇక చాలనిపించడం. ఆయుర్వేదం అమ్లపిత్తం, అజీర్ణం అని ఎప్పుడో వేరు కాపురాలు పెట్టించింది. మళ్ళీ కలిపింది మనమే. రెండూ ఒకే విస్తట్లోంచి కలిసి లేవడమూ కద్దు.

ఇక ప్రమాణాలు. వాలితే మంట, లేచి కూర్చుంటే ఊరట: ఇది ప్రత్యక్షం, గుండెమంటే. మిరపకోతలో నడుం వంచినప్పుడు పుల్లనీళ్ళు ఎగదన్నడమూ ఈ జాతిదే. రాత్రి పదింటికి కోడిపులుసు తిని పదింబావుకి గుర్రు పెట్టినవాడు అర్ధరాత్రి లేచి కూర్చుంటే, కారణం అనుమాన ప్రమాణంతో తేలిపోతుంది. శబ్ద ప్రమాణం అంటే త్రేన్పు. పుల్లగా వస్తే మొదటి పక్షం, ఉత్తినే మోగితే రెండో పక్షం. సోడా తాగినవాడి సాక్ష్యం చెల్లదు.

శ్రీనాథుడు పల్నాటి జొన్నకూటిని పద్యాల్లో ఈసడించాడని ప్రతీతి. ఆయన బాధ ఏ జాతిదో వ్యాఖ్యాతలు తేల్చలేదు. సన్నన్నానికి మరిగిన ప్రాణం కనక అజీర్తేనని మా మతం. బ్రహ్మనాయుడి చాపకూటిలో కులం చూడకుండా వడ్డించారు; ఎవరి పొట్ట ఉబ్బిందో వీరగాథలు చెప్పవు.

నేరమంతా మిరపకాయ మీద మోపడం లోకాచారం. దాని ఘాటు కాప్సైసిన్. అది వేడిని పసిగట్టే గ్రాహకాన్నే వెళ్ళి తడుతుంది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది, పల్నాటి రైతుకి దక్కలేదు. అయినా ఒక్క కారాన్నే బోనెక్కించడం అన్యాయం. ఆ ద్వారాన్ని వదులు చేసే ముఠాలో నూనె వంటలు, చుట్ట, మందు, పొద్దుపోయాక నిండు భోజనం ఉన్నాయి. (గుంటూరు యార్డులో పక్కవాడి మిర్చికి రేటెక్కువ పలికినప్పుడు పుట్టే మంట ఈ శాస్త్ర పరిధిలోకి రాదు.)

పిడుగురాళ్ళ బట్టీల్లో కాల్చే సున్నపురాయి ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. ఆమ్లానికి విరుగుడుగా చప్పరించే కొన్ని మాత్రల్లోనూ అదే. అంటే కాళ్ళ కింద మందు పెట్టుకుని మందుల షాపుకి పోతున్నాం. రాయి నాకమని కాదు. పోయి తెచ్చే పాంటాప్రజోల్ ‘గ్యాస్ గోలీ’ సంగతి చూడండి: తిండికి అరగంట ముందు, పరగడుపున వేసుకోవాల్సినదాన్ని బిర్యానీ అయ్యాక చెయ్యి కడుక్కుని వేసుకుంటాం.

ఒక్కచోట మాత్రం వేళాకోళం కుదరదు. రొమ్ము మీద బరువు పెట్టినట్టు నొక్కుతూ, చెమటలు పోసి, నొప్పి చేతికో దవడకో పాకి, నాలుగడుగులకే ఆయాసం వస్తే దాన్ని గ్యాసనకూడదు. సోడాతో తగ్గిందన్నది ప్రమాణం కాదు. గుండెపోటు నొప్పి కూడా ఒక్కోసారి తగ్గి మళ్ళీ తిరగబెడుతుంది. షుగరున్నవాళ్ళకైతే నొప్పే తెలియకపోవచ్చు. ముందు 108, ఈసీజీ. వాదోపవాదాలు ఆ తర్వాత.

మిగిలింది చికిత్సా ప్రకరణం. తిన్న రెండు మూడు గంటల దాకా నడుం వాల్చకూడదు. వాల్చినా ఎడమవైపు తిరగాలి. తలగడలు పేర్చి లాభం లేదు, మంచమే తలవైపు జానెడు లేవాలంటారు వైద్యులు. కోళ్ళ కింద ఇటుకలు పెడితే సరి. నులకమంచమైతే మనిషి తెల్లారేసరికి కాళ్ళవైపుకి జారిపోతాడు. దీనికి పరిహారమేమిటో పూర్వాచార్యులెవరూ రాయలేదు.