నీడ లేని గురువారం

తెలంగాణలో సర్కారు బడిలో చదివే పిల్లకు ఏడాదికి నాలుగుసార్లు ఎఫ్‌ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం) ఉంటుంది. ఇరవై మార్కులు. రాత పనులకు ఐదు, ప్రాజెక్టుకు ఐదు, లఘు పరీక్షకు ఐదు. మిగిలిన ఐదూ ‘పిల్లల భాగస్వామ్యం – ప్రతిస్పందనలు’ అన్నదానికి. పాఠం విన్నాక ఏమనిపించింది, ఏ అనుమానం వచ్చింది, ఏం చేసి చూశావు అన్నది పిల్ల తన మాటల్లో రాయాలి. ఈ ఆలోచన ఎవరిదో గాని దండం పెట్టదగ్గది. అమలు చేసేది మనం కాబట్టి దానికి పట్టిన గతి వేరు. “ఈ పాఠం నాకు ఎంతగానో నచ్చింది. శాస్త్రవేత్తల కృషిని అభినందిస్తున్నాను” అని గైడులో రెండు వాక్యాలు ఉంటాయి. ఉట్నూర్ నుంచి ఉప్పల్ దాకా ఏ నోటుబుక్కు తెరిచినా అవే. బొగ్గు పాఠానికీ అదే అభినందన, ఘర్షణ పాఠానికీ అదే.

ఉట్నూర్ నుంచి అడవి దారిన కొంత దూరం పోతే వచ్చే ఒక ఆశ్రమ పాఠశాలలో నేను తెలుగు చెప్పేవాణ్ణి. 2023 జూన్ 12న బడి తెరిచారు. ఆ ఏడు మా సైన్సు సారు ఎనిమిదో తరగతికి మంచి పనే ఒకటి పెట్టారు. మీటరు పొడవు వెదురు కర్రను గ్రౌండులో నిలువుగా పాతాలి. ప్రతి గురువారం మధ్యాహ్నం దాని నీడ కొలవాలి. ఆ వారం చూసిందీ అనుకున్నదీ డైరీలో రాయాలి. ప్రాజెక్టు మార్కులు, ప్రతిస్పందన మార్కులు రెండూ అందులోంచే. మొదటివారం నలభై మందీ కర్ర చుట్టూ మూగారు. రెండోవారానికి కర్ర దగ్గర ఒక్క పిల్లే మిగిలింది. మిగతావాళ్ళకు గైడు దొరికింది.

ఆ పిల్లది గోండు గూడెం. ఇంట్లో గోండి, బళ్ళో తెలుగు. ఇక్కడికి దగ్గర్లోనే మార్లవాయి ఉంది. 1940ల్లో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ అక్కడ కాపురముండి, గోండు పిల్లలకు గోండిలోనే చదువు చెప్పే పంతుళ్ళను తయారుచేయించాడు. ఎనభై ఏళ్ళు గడిచాయి. ఈ పిల్ల మాత్రం పాఠాన్ని ముందు తెలుగులో విని, లోపల గోండిలో ఆలోచించుకుని, మళ్ళీ తెలుగులో రాస్తుంది. అందుకేనేమో, అర్థంకాని మాట ఒక్కటి కూడా ఆమె డైరీలో ఉండదు. భాషాదోషాలు దిద్దే నెపంతో నేను ఆ పుస్తకం అడిగి తెప్పించుకునేవాణ్ణి. దోషాలు దిద్దబుద్ధి కాలేదు.

జూన్ 15: “కర్ర నిలువుగ ఉన్నదో లేదో దారానికి రాయి కట్టి చూసిన. పన్నెండు గంటలకు నీడ 9 సెంటీమీటర్లు. అన్నం బెల్లు కొట్టిన్రు. నేను పోలే. నీడ ఇంక తగ్గుతనే ఉన్నది. 12 గంటల 15 నిమిషాలకు 7. తర్వాత పెరిగింది. అంటే మా దగ్గర మధ్యాహ్నం పన్నెండుకు కాదు, పావుగంట ఆగి అవుతది. నీడ దక్షిణం దిక్కు పడ్డది. గైడుల ఉత్తరం అని ఉన్నది. నేను దిక్కులు తప్పు చూసిన్నా?”

దానికింద ఎర్రసిరాతో: “తప్పు. సరిచూసుకో.”

జూన్ 22: “సరిచూసుకున్న. పొద్దు పొడిచే దిక్కు చూసి గీత గీసిన. మల్ల 7, మల్ల దక్షిణమే. తప్పు నాది కాదు.”

జూన్ 29: “బక్రీద్ సెలవు. ఇంటికి పోయిన, కొలవలే. అమ్మను అడిగిన. పత్తి గింజలు పెట్టేటప్పుడు నీడ ఏ దిక్కు పడుతదే అని. నీడ యాడిది బిడ్డా, కాళ్ళ కిందికే వస్తది అన్నది. అమ్మ గైడు చదువలే.”

జులై 6న 6 సెంటీమీటర్లు, 12.20కి. జులై 13న మబ్బుల సందున దొరకబట్టి 4 చిల్లర. ఆ రోజే రాసింది: “దినాం తగ్గుతనే ఉన్నది. ఇట్లనే పోతే 20 తారీఖుకు 2 అవుతది. 27కు ఒకటో, సున్నానో. ఎండల కర్ర ఉండి నీడ లేకుంట అయితదా? 27 గురువారం నేను అన్నం తినకున్నా మంచిదే, చూడాలె.”

ఎర్రసిరా: “నీడ లేకుండా వస్తువు ఉండదు. పాఠం మళ్ళీ చదువు.”

నాకు లెక్కలు రావు. మా లెక్కల సారును పట్టుకుని అడిగాను. ఆయన చెప్పిందేమంటే, ఉట్నూర్ పంతొమ్మిది డిగ్రీల పైచిలుకు ఉత్తర అక్షాంశం మీద ఉంది. మన దేశంలో కర్కటరేఖకు దక్షిణాన ఉన్న ఏ ఊరికైనా సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఉట్నూర్‌కు మే 17 ప్రాంతంలో ఒకసారి, జులై 26, 27 ప్రాంతంలో మరోసారి. ఆ రెంటి నడుమ సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు కాబట్టి మధ్యాహ్నం నీడ దక్షిణానికే పడాలి. ఢిల్లీవాళ్ళకు ఈ భాగ్యం లేదు. వాళ్ళకు నడినెత్తి సూర్యుడంటే మాట వరసకే. పావుగంట సంగతీ నిజమేనట. మన దేశమంతా 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్కన గడియారాలు పెట్టుకుంది. ఉట్నూర్ దానికి పడమరగా దగ్గరదగ్గర నాలుగు డిగ్రీలు ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున పదిహేను నిమిషాలు. పైగా భూమి సూర్యుడి చుట్టూ ఒకే వేగంతో తిరగదు, దాని ఇరుసు వంగి ఉంది. అందుకని ఆ పావుగంట కూడా నెలనెలా కాస్త అటూఇటూ జరుగుతుంది. జూన్‌లో 12.15, జులైలో 12.20 అందుకే. రెండువేల రెండువందల ఏళ్ళ కిందట ఎరటోస్తనీసు భూమి చుట్టుకొలత కట్టింది కూడా ఇట్లాంటి నీడ లేని మధ్యాహ్నాన్ని పట్టుకునేనట. “ఈ పిల్ల టేపు పట్టుకుని అదే దారిలో పోతున్నది సార్” అన్నారు లెక్కల సారు. సైన్సు సారుకు ఈ ముక్క చెప్పమన్నాను. “ఆయన సబ్జెక్టుల నేనెందుకు వేలు పెట్టాలె” అన్నారు. బళ్ళో ఒకరి పిరియడ్‌లోకి ఇంకొకరు పోరు.

గైడులో పట్టిక వేరే ఉంది. పన్నెండు గంటలకు 33 సెంటీమీటర్లు, ఉత్తరం దిక్కు. అది అబద్ధమేమీ కాదు. ఎవరో ఏ మార్చి నెలలోనో, ఏ హైదరాబాద్‌లోనో నిజంగా కొలిచి వేసిన లెక్కలాగే ఉంది. మన ఊరికి, మన నెలకు పనికిరాదు, అంతే.

జులై 20: “వాన. సెలవు ఇచ్చిన్రు. కొలవలే.”

జులై 27: “వాన. సెలవు. హాస్టల్ అరుగు మీద కూసున్న. ఎండ లేదు కనుక నీడ లేదు. నేను అనుకున్న సున్నా ఇది కాదు. చూడలే కనుక చెప్పలేను.”

దానికింద ఎర్రసిరా: “ప్రాజెక్టు అసంపూర్ణం. 1/5.”

ఆగస్టు 3: “ఎండ వచ్చింది. 3 సెంటీమీటర్లు. ఉత్తరం దిక్కు! 13 తారీఖు నాడు దక్షిణం, ఇప్పుడు ఉత్తరం. అంటే నడుమ ఎప్పుడో సున్నా దాటింది. మేము చూడలే గాని అది అయితే అయింది.”

ఈ వారం కింద ఎర్రసిరా లేదు. మార్కులు అప్పటికే ఆన్‌లైన్‌లో ఎక్కించేశారు.

ఆగస్టు రెండోవారంలో పై నుంచి తనిఖీకి ఒక సారు వచ్చారు. పెద్దసారు గదిలో కుర్చీ తుడిచారు, బిస్కెట్లు తెప్పించారు. ఆయన ఎనిమిదో తరగతి ఎఫ్‌ఏ రిజిస్టరు ముందు వేసుకున్నారు. ప్రాజెక్టు గడిలో పై నుంచి కిందికి ఐదులే. ఒక్కచోట ఒకటి.

“ఈ ఒకటి ఎవరిది?”

పిల్లను పిలిచారు. వచ్చి గోడవార నిలబడింది.

“అందరు చేసిన్రు కదమ్మా ప్రాజెక్టు. నీకేమైంది?”

“వాన సార్.”

“వాన నీ ఒక్కదాని మీదనే కురిసిందా?”

గదిలో నవ్వారు. పిల్ల నవ్వలేదు, ఏడవలేదు. నేను ఆమె డైరీ తీసి ఆయన ముందు పెట్టాను. తప్పుపడతారేమో అనుకున్నాను గాని, ఆయన చదివే మనిషి. మొదట రెండు పేజీలు తిప్పేసి, తర్వాత వెనక్కి వచ్చి మొదటినుంచి చదివారు. ‘అమ్మ గైడు చదువలే’ దగ్గర ముసిముసిగా నవ్వారు. జులై 27 దగ్గర ఆగి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. “ఐదు వచ్చినవాళ్ళవి తెండి” అన్నారు.

తెచ్చాం. క్లాసు ఫస్టు పిల్లవాడిది ముందు తెరిచారు. స్కేలుతో గీసిన పట్టిక, స్కెచ్‌పెన్ను అంచు. పన్నెండు గంటలకు 33 సెంటీమీటర్లు, ఉత్తరం. కొలిచిన తేదీ 27-07-2023. రెండోది తెరిచారు. 33, ఉత్తరం, 27-07-2023. మూడోది, నాలుగోది. ఇక తెరవడం మానేశారు.

“ఏందయ్యా ఇది?” అన్నారు సైన్సు సారుతో. గొంతు మారింది. “27 నాడు కడెం ప్రాజెక్టు గేట్ల మీదికెల్లి నీళ్ళు పోయినయి. రాష్ట్రమంత బడులు బంద్. 26, 27 సెలవులిచ్చి, చాలక 28 కూడ ఇచ్చిన్రు. వాగులన్ని పొంగినయి. నేను వరద డ్యూటీల ఉండి, పొద్దుగూకేదాక ఆదిలాబాద్ దాటలే. అసొంటి రోజు మీ పిల్లలకు సూర్యుడు యాడ దొరికిండు? నలభై మందిల నిజం రాసింది ఒక్కతే, దానికి ఒకటి మార్కా?”

సైన్సు సారు నేల చూశారు.

“ఈ తారీఖు వేయమన్నది ఎవరు?”

జవాబు లేదు.

“మీరు చెప్పకుంటే నేను రాసి పోత. విజిటర్స్ బుక్కు తెండి.”

పెద్దసారు లేవలేదు. “టీ చల్లారుతున్నది సార్. మాటలతోనే పోయేదానికి రాతకోతలెందుకు” అన్నారు. సారు వినలేదు. అటెండరే బీరువా తీసి పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. పేజీ తిప్పితే, రాయాల్సిన ఖాళీకి సరిగ్గా పైన చివరి ఎంట్రీ ఉంది. పెద్దసారు దస్తూరీ. నెలాఖరు లెక్కకు ఒక సందర్శన తక్కువపడిందని కబురొస్తే, జులై 31న అటెండరు చేతికిచ్చి ఆఫీసుకు పంపిన పుస్తకమది. మేమందరం వంగి చదివాం.

“27-07-2023. ఈ రోజు పాఠశాలను ఆకస్మికంగా సందర్శించాను. ఎనిమిదో తరగతి విద్యార్థులు మండుటెండను సైతం లెక్కచేయక కర్ర నీడలను కొలుస్తున్న తీరు ప్రశంసనీయం.”

కింద తనిఖీ సారు సంతకం. రబ్బరు స్టాంపు.

సైన్సు సారు అప్పుడు మెల్లగా నోరు విప్పారు. “మీరు వచ్చిన రోజు పిల్లలు పని చేసినట్టు ఉండాలె కద సార్. అందుకే అందరితోని ఆ తారీఖే ఏయించినం. ఈ పిల్ల ఒక్కతే ఏయనన్నది.”

ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. పిల్లను క్లాసుకు పొమ్మన్నారు. సారు పెన్ను మూత తీసి చాలాసేపు ఆలోచించి, ఆ ఎంట్రీ కిందే రాశారు.

“ఎనిమిదో తరగతిలో ఒక్క విద్యార్థిని మినహా అందరూ ప్రాజెక్టు సంతృప్తికరంగా పూర్తిచేశారు. వెనుకబడిన ఆ విద్యార్థినిపై ఉపాధ్యాయులు ప్రత్యేక శ్రద్ధ వహించాలి.”

సంతకం చేశారు. ఈసారి తారీఖు మాత్రం సరిగ్గానే వేశారు.