వెలగాల్సినవి వెలగవు

కారున్నవాళ్ల ఫిర్యాదులన్నీ వడపోస్తే చివరికి రెండే మిగులుతాయి. వెలగాల్సిన లైటు వెలగడం లేదనేది ఒకటి. వెలగకూడని లైటు వెలుగుతోందనేది రెండోది. మొదటిదానికి విజయవాడ ఆటోనగర్ ఉంది. రెండోదానికి మా బాబాయి దగ్గర స్టిక్కరు బొట్టు ఉంది.

ఆ మధ్య ఆయన కారు డాష్‌బోర్డులో ఇంజను బొమ్మ పసుప్పచ్చగా వెలిగింది. ఇంజను చూపించుకోమని దాని అర్థం. బాబాయి ఇంజను చూపించలేదు. పిన్ని హ్యాండ్‌బ్యాగులోంచి స్టిక్కరు బొట్టొకటి తీసి సరిగ్గా ఆ బొమ్మ మీద అంటించాడు. "రాత్రిళ్లు కంట్లో పొడుస్తోందిరా" అన్నాడు. అప్పట్నుంచీ డాష్‌బోర్డు పేరంటానికి బయల్దేరిన ముత్తయిదువలా కళకళలాడుతోంది. లోపల ఇంజను మాత్రం ఖళ్లుఖళ్లుమంటూనే ఉంది.

అదే మనిషి, స్టీరియోలో కుడివైపు స్పీకరు కాస్త గరగరలాడితే మాత్రం ఆఫీసుకి సెలవు పెట్టి మరీ ఆటోనగర్ వెళతాడు.

ఆటోనగర్‌లో కరెంటు పని చేసేవాళ్లు ఏ జబ్బు చూసినా ముందు ఒకే మాట అంటారు. "ఎర్తు అందట్లేదు సార్." హెడ్‌లైటు గుడ్డిగా వెలిగినా, హారన్ గొంతు కీచుమన్నా, వైపరు సగం దూరం వెళ్లి ఆలోచనలో పడినా అదే మాట. చాలాకాలం అది చేతకాక చెప్పే మాట అనుకునేవాణ్ని. కానీ సగం సార్లు రోగం నిజంగా అదే.

కారులో బ్యాటరీ నుంచి బల్బు దాకా కరెంటు వెళ్లడానికి వైరుంటుంది. తిరిగి రావడానికి కారు ఇనప బాడీయే దారి. ఎర్తంటే అదే. ఆ బాడీకి వైరును బిగించిన బోల్టు తుప్పు పడితే తిరుగుదారి మూసుకుపోతుంది. కరెంటేమీ ఊరుకోదు, పక్క బల్బులోంచి దొడ్డిదారి వెతుక్కుంటుంది. బాబాయి బ్రేకు తొక్కినప్పుడల్లా ఎడమ ఇండికేటరు మినుకుమనేది అందుకే. వెనక వచ్చే ఆటోవాడు ఈయన ఎడమకి తిరుగుతున్నాడనుకుని కుడివైపు నుంచి దూరేవాడు. "ఆగానయ్యా బాబూ, తిరగలేదు!" అని బాబాయి కిటికీలోంచి తల బయటపెట్టి సంజాయిషీ ఇచ్చుకునేవాడు.

ఆ రోగం కుదిర్చింది ఓ ముసలి భాయ్. ఆయన దగ్గర కంప్యూటరు లేదు. పార్కింగు బల్బొకటి, దానికి టంకం పెట్టిన రెండు వైరుముక్కలు ఉన్నాయి, అంతే. ఒక కొస బ్యాటరీ ప్లస్సుకి తగిలించి, రెండోది వెనక లైటు దగ్గరి ఎర్తు బోల్టు మీద ఆనించాడు. బల్బు నీరసంగా కళ్లు తెరిచింది. బోల్టు విప్పితే వాషరు కింద పచ్చటి చిలుము, దాని కింద ఎర్రటి తుప్పు. ఎమరీ కాగితంతో బాడీ తెల్లగా మెరిసేదాకా గీకి, మళ్లీ బిగించి ఆనించాడు. ఈసారి బల్బు భగ్గుమంది. "యాభై ఇవ్వండి సార్." బాబాయికి అది నచ్చలేదు. పార్టు మార్చకుండా బాగుపడిందంటే ఆయనకి నమ్మకం కుదరదు. "ఏదన్నా కొత్తది వెయ్యవయ్యా" అని బతిమాలాడు.

అలా వేయించుకున్నవే హెడ్‌లైటు బల్బులు. చాలా కార్లలో ఉండే హెచ్‌4 హాలోజన్ బల్బు హైబీమ్‌లో 60 వాట్లు, లోబీమ్‌లో 55. మనవాళ్లకి అది ఆనదు. వంద, తొంభై వాట్ల బల్బులు దొరుకుతాయి కదా, అవి పెట్టించుకుంటారు. వంద వాట్లవి రెండు వెలిగితే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 16 ఆంపియర్లకి పైనే లాగుతాయి. కంపెనీ వైర్లు, స్విచ్చి 60 వాట్ల సంసారానికి అలవాటుపడ్డవి. విడిగా రిలే పెట్టి మందపాటి వైరు లాగకపోతే అవి వేడెక్కి, హోల్డరు కరిగి, ఓ రాత్రి కమురు వాసనొస్తుంది. అప్పుడు మనం చెప్పే మాట "ఈ కంపెనీ వైరింగు బాగోదండీ."

ఈమధ్య ఎల్‌ఈడీలు వచ్చాయి. హాలోజన్ కోసం చేసిన డూములో ఎల్‌ఈడీ బల్బు దూరిస్తే వెలుతురు రోడ్డు మీద పడాల్సింది పోయి ఎదుటివాడి నుదుట పడుతుంది. హైదరాబాదు హైవే మీద రాత్రిపూట ప్రతివాడూ ఎదుటివాణ్ని ఒకటే తిట్టు తిడతాడు, "డిప్పర్ కొట్టడేం వీడు?" అని. తన చెయ్యి మాత్రం డిప్పర్ మీదకి పోదు. పూర్వం హెడ్‌లైటు అద్దం మీద నల్లరంగు పూసి తిరిగేవాళ్లం, ఎదుటివాడి కళ్లు చెదరకూడదని. ఇప్పుడు ఆ మర్యాద అద్దం మీదా లేదు, మన దగ్గరా లేదు.

ఎండకి పచ్చబడ్డ హెడ్‌లైటు ప్లాస్టిక్కుకి ఇంకో వైద్యముంది. టూత్‌పేస్టు పెట్టి తోమడం. నిజమే, పైపొర కాస్త అరిగి కొన్నాళ్లు తెల్లగానే ఉంటుంది. పై పూత పోయింది కాబట్టి మళ్లీ ఎండకి పచ్చబడుతుంది. మా బాబాయి దానికో బ్రష్షు కూడా కేటాయించాడు.

ఎలకల సంగతి సరేసరి. వానాకాలం వెచ్చటి ఇంజను కింద చేరి వైరింగు కొరికేస్తాయి. వినాయకుడి వాహనం మన వాహనాన్ని తింటే ఎవరికి ఫిర్యాదు చేస్తాం? కలరా ఉండలు, పొగాకు కాడలు కట్టి దణ్ణం పెడతాం.

ఇక్కడిదాకా తప్పు ఎలకదో, తుప్పుదో, మనదో. కంపెనీదే తప్పయితే దాన్ని రీకాల్ అంటారు. బండి వెనక్కి తెమ్మని, ఉచితంగా బాగుచేసిస్తామని కంపెనీయే కబురు పెడుతుంది. ఈ కబుర్లలో చిత్రమైనవి ఉన్నాయి. 2020లో మారుతి సుజుకి 40,453 ఈకో బండ్లని పిలిచింది. హెడ్‌లైటు మీద ఉండాల్సిన ప్రమాణ చిహ్నం కొన్నిటి మీద లేదేమోనని! 2021 సెప్టెంబరులో అదే కంపెనీ మోటారు జనరేటరు యూనిట్‌లో లోపం ఉండొచ్చని 1,81,754 బండ్లని పిలుస్తూ, ఈలోగా నీళ్లు నిలిచిన రోడ్లలో నడపొద్దంది. సెప్టెంబరులో, హైదరాబాదువాళ్లతో కూడా! 2024లో అమెరికాలో టెస్లా దాదాపు 22 లక్షల కార్లకి రీకాల్ ప్రకటించింది. హెచ్చరిక లైట్ల అక్షరాలు చిన్నవైపోయాయట. బొట్టుబిళ్ల అంటించకుండానే కనపడలేదన్నమాట.

ఇవి విని నవ్వేవాళ్లు 2014 నాటి జనరల్ మోటార్స్ కథ కూడా వినాలి. తాళం స్విచ్చిలో బిగువు చాలక, తాళాల గుత్తి బరువుకో మోకాలు తగిలో నడుస్తున్న కారు ఆగిపోయేది. కరెంటు పోవడంతో గుద్దుకున్నా ఎయిర్‌బ్యాగు తెరుచుకునేది కాదు. పనికిరాని ఆ స్విచ్చి సంగతి కంపెనీలో ఏళ్ల తరబడి తెలుసు. రీకాల్ మాత్రం 2014 దాకా రాలేదు. 124 మంది పోయారని పరిహారం లెక్క తేల్చింది. బాగుచేసేదాకా గుత్తి తీసేసి ఒట్టి తాళంతోనే నడపమన్నారు. మన గుత్తులకి బీరువా తాళం, గేటు తాళం, గోళ్లు తీసేది, తిరుపతి వెంకన్న బిళ్ల అన్నీ వేలాడుతుంటాయని వేరే చెప్పాలా?

అంచేత రీకాల్ చేసిన కంపెనీ కంటే చెయ్యకుండా దాచిన కంపెనీకే భయపడాలి. మన దేశంలోనూ 2021 ఏప్రిల్ నుంచి, ఏడేళ్లలోపు బండ్లలో భద్రతా లోపం బయటపడితే తప్పనిసరిగా రీకాల్ చేయించే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. మాట వినని కంపెనీకి జరిమానా కోటి రూపాయల దాకా ఉంది.

మా బాబాయికీ అలాంటి రీకాల్ ఫోనొచ్చింది. "లోనొద్దమ్మా" అని పెట్టేశాడు. మళ్లీ చేశారు. ఫ్యూయల్ పంపు మారుస్తామంటే మొహం ఎర్రబడింది. "అంటే, నేను ఎంచి కొన్న కారులో లోపముందనా?" ఫోను పెట్టేసి నాతో, "ఒరేయ్, కాలనీలో ఎవరికీ చెప్పకు. రీసేల్ పోతుంది" అన్నాడు.

చివరికి పిన్ని పోరు పడలేక సర్వీస్ సెంటరుకి వెళ్లాడు. ఫిర్యాదుల కాగితం మీద ఏసీ చల్లదనం, స్పీకరు గరగర, సీటు కవరు కుట్టు రాయించాడు. ఫ్యూయల్ పంపు సంగతి అక్కడి కుర్రాడే గుర్తుచేసి రాసుకున్నాడు. బొట్టు చూసి ఇదేంటని అడిగితే "మీ ఆంటీది" అన్నాడు. పంపు మార్చాక పైసా తీసుకోలేదు. అప్పుడొచ్చింది అసలు పేచీ.

"పాత పార్టు ఇవ్వవయ్యా."

"అది లోపమున్నది సార్, కంపెనీకి పంపాలి."

"లోపమున్నా నా డబ్బుతో కొన్నదే కదా!"

మీరు అలా చెయ్యకండి. ఆర్సీలో ఛాసిస్ నంబరుంటుంది, అక్షరాలు అంకెలు కలిపి 17. మీ కారు కంపెనీ వెబ్‌సైటులో దాన్ని కొట్టి చూడండి, లేదా సర్వీస్ సెంటరుకి ఫోను చేసి రీకాల్ ఏమన్నా ఉందా అని అడగండి. ఉంటే వెళ్లి చేయించుకోండి, డబ్బులు పుచ్చుకోరు. పాత పార్టు మాత్రం అడక్కండి, ఇవ్వరు.