శ్రీ క్యూదండ సూత్రం: టీకా తాత్పర్య సహితం, నూజివీడు ప్రతి

మూలం: క్యూదండం కరే న నయేత్, విమానోదరే నయేత్.

ఈ సూత్రకర్త ఋషి కాడు, ఓ ఆఫీసు. పౌర విమానయాన భద్రతా బ్యూరో, ఎయిర్‌పోర్టు భాషలో బీసీఏఎస్. క్యాబిన్‌లోకి రాకూడని వస్తువులకు ఆ బ్యూరో ఒక పట్టిక కట్టి, అందులో క్రికెట్ బ్యాటు, హాకీ కర్ర, గోల్ఫ్ కర్ర కూర్చున్న పంక్తిలోనే పూల్ క్యూకూ విస్తరి వేసింది. చెకిన్ లగేజీలో వేసుకుంటే అడ్డు చెప్పనంది. పట్టికను ఇలా సంస్కృతంలోకి కుదించింది మాత్రం వ్యాఖ్యాతే. సంస్కృతంలో ఉన్న నిషేధంతో ఎవరికీ వాదించబుద్ధి కాదు.

టీక: క్యూదండం = బిలియర్డ్స్, స్నూకర్, పూల్ బల్లల మీద బంతిని పొడిచే కర్రను; కరే = చేతిలోగాని, చేతిసంచిలోగాని, భుజాన వేలాడే గొట్టంలోగాని; న నయేత్ = తీసుకుపోరాదు; విమానోదరే = విమానపు కడుపులో, అనగా చెకిన్ లగేజీలో; నయేత్ = తీసుకుపోవచ్చును.

తాత్పర్యం: ఆడే మనిషి పైన కూర్చోవాలి, ఆడించే కర్ర కింద పడుకోవాలి.

మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని మెదకు సీమ కొలిచారం వాడైన మల్లినాథ సూరి నియమం పెట్టుకున్నాడు. నూజివీడు వ్యాఖ్యాతకు అందులో మొదటి సగం సమ్మతమే. రెండో సగం కుదరదు. మామిడి కోతల రోజుల్లో ఈ ప్రాంతంలో అక్కర ఉన్నంత వరకే మాట్లాడి ఊరుకునేవారు అరుదు.

కర్రల మీద వ్యాఖ్యానించే అధికారం నూజివీడుకు ఎక్కడిదని అడిగేవారుంటారు. ఇక్కడి తోటల్లో బంగినపల్లినీ రసాలనూ కోసేది పొడవాటి వెదురు గడకు వల సంచి కట్టిన చిక్కంతో. కాయ నేల మీద పడి దెబ్బ తినకూడదు, ముచ్చిక మొదలంటా ఊడి సొన తొక్క మీద కారకూడదు. పట్టు గడ మొదట్లో, పని గడ కొసన, మధ్యలో వణుకు ఉండకూడదు. స్నూకర్ నేర్పే గురువులు చెప్పేదీ ఇంతకంటే ఎక్కువేం కాదు. పైగా ఇది వీణలు చేసే ఊరు. పనస కర్రను తొలిచి నాలుగడుగులు దాటిన వాద్యాన్ని తయారుచేసేవాళ్లకు, పొడవాటి సున్నితమైన చెక్కను క్షేమంగా ఊరు దాటించడం ఎంత కష్టమో ఒకరు చెప్పనక్కర్లేదు.

శంక: ముసలాయన చేతికర్ర లోపలికి పోతుంది, గొడుగు పోతుంది, క్యూ చేసిన పాపమేమిటి?

సమాధానం: చేతికర్ర నడకకు ఆధారం, దాన్ని లాక్కుంటే మనిషి కదలడు. క్యూ లేకపోయినా ప్రయాణికుడు సీటు దాకా నడవగలడు. అదీగాక సూత్రకర్త చూసేది బంతిని తాకే కొసను కాదు. పూల్ క్యూ కొస 13 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, మొదలు సుమారు 3 సెంటీమీటర్లు. బరువు అర కిలో పైచిలుకు, అందులో ఎక్కువ పాలు మొదట్లోనే. రెండు ముక్కలుగా విప్పితే ఆ మొదటి ముక్క పిడికిట్లో పొట్టి లాఠీలా అమరుతుంది. స్నూకర్ 1875లో జబల్పూరులో, మన గడ్డ మీదే పుట్టిందని చెప్పుకున్నా స్క్రీనింగ్ దగ్గర స్వదేశీ మినహాయింపు లేదు.

పాఠాంతరం: అమెరికా ప్రతిలో 2013లో ఒక భేదం తలెత్తింది. అక్కడి రవాణా భద్రతా సంస్థ మార్చి 5న చిన్న మడతకత్తులతో, హాకీ కర్రలతో పాటు పూల్ క్యూలనూ క్యాబిన్‌లోకి రానిస్తామని ప్రకటించింది. ఏప్రిల్ 25 నుంచి అమలన్నారు. విమాన సిబ్బంది సంఘాలు గొడవ చేశాయి. వాళ్ల కోపం ప్రధానంగా కత్తుల మీద. కత్తులతో ఒకే జాబితాలో ఇరుక్కున్నందుకు క్యూ కూడా మునిగింది. జూన్ 5న ప్రతిపాదన మొత్తాన్నీ వెనక్కి తీసుకున్నారు. ఒక్క రోజూ అమలుకాని ఆ పాఠాన్ని ప్రక్షిప్తంగానే ఎంచాలి.

సూత్రం రెండో పాదమే అసలు ప్రమాదకరం. ‘కరే న’ అన్నచోట పోయేది కాసేపటి పరువు. ‘విమానోదరే’ అన్నచోట కర్రే పోవచ్చు. నిదర్శనం స్టీఫెన్ హెండ్రీ. 1990 నుంచి 1999 దాకా ఈ స్కాట్లండు ఆటగాడు ఏడుసార్లు ప్రపంచ స్నూకర్ చాంపియన్ అయ్యింది ఒకే కర్రతో. 2003లో థాయిలాండ్ నుంచి ఇంటికొచ్చే విమానంలో అది మళ్లీ పనికిరాకుండా విరిగిపోయింది. ఇంత పేరున్న కర్రకే దిక్కులేనప్పుడు ఊరి క్లబ్బులో ఆడేవాడి కర్రను లోడర్ గుర్తుపట్టి మర్యాద చేస్తాడా? అయితే అదే ఏడాది కొత్త కర్రతో హెండ్రీ బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. అంచేత నైపుణ్యం కర్రలో ఉందన్న పూర్వపక్షం కూడా అక్కడే విరిగింది.

ఇక ప్రయోగం. సుమారు 147 సెంటీమీటర్ల పూల్ క్యూను నడిమికి విప్పితే ముక్క 74 దాకా వస్తుంది. గట్టి పెట్టెలో పెడితే 85 లోపు. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటరాదన్న వాడుక లెక్కలో అది సులువుగా ఇముడుతుంది. విప్పడానికి వీల్లేని ఏకదండం పెట్టెతో కలిసి ఆ గీత దాటుతుంది, కౌంటరు దగ్గర బేరం మొదలవుతుంది. విమానం కడుపులోని చలికి భయపడేవాళ్లు మే నెల మధ్యాహ్నం అద్దాలు బిగించిన కారు డిక్కీకి ఇంకా భయపడాలి. నూజివీడు నుంచి గన్నవరం విమానాశ్రయం దారి గంట లోపే. మధ్యలో భోజనానికి ఆగితేనే కర్ర ఉడుకుతుంది.

చిక్కంతా చుట్టాలతో. చాలా దేశీయ విమానాల్లో చెకిన్ లగేజీ 15 కిలోలు. క్యూ పెట్టె రెండు మూడు కిలోలు తినేస్తే మిగతాది తమదేనని మేనత్తలు, పెద్దమ్మలు తీర్మానించుకుంటారు. పండిన చిన్న రసాలను కర్ర ఉన్న సూట్‌కేసులోనే సర్దడం శాస్త్ర విరుద్ధం. కాయ చితికితే రసం చెక్క అతుకుల్లోకి దిగుతుంది, ఆ తరవాత బల్ల మీదికి చీమలు వస్తాయి. ఎండుకొబ్బరిని తనంతట తానే వేడెక్కి అంటుకునే సరుకుగా విమానశాస్త్రం లెక్కేస్తుంది గనుక లగేజీలో కూడా వద్దంటారు. కొత్తపల్లి కొబ్బరి మామిడిపండే కాబట్టి ఈ దోషం దానికి అంటదు. అమెరికా వెళ్లేవారికి మాత్రం న్యాయం తిరగబడుతుంది. 2007 నుంచి ఆ దేశం మన మామిడిని తీసుకుంటున్నా, రేడియేషన్ శుద్ధి చేసి పత్రాలతో పంపిన సరుకునే రానిస్తుంది. సూట్‌కేసులో దాచిన పండును కస్టమ్స్ దగ్గరే తీసేసుకుంటారు. కర్ర గడప దాటుతుంది, రసం దాటదు.

ఫలశ్రుతి: అంతర్జాతీయ ప్రయాణంలో లగేజీ పాడైతే 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం పరిహారం అడగవచ్చు. 2024 డిసెంబరు 28 నుంచి దాని గరిష్ఠ పరిమితి మనిషికి 1,519 ఎస్‌డీఆర్‌లు, అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క నాణేలు. చదివినవారికీ విన్నవారికీ ఈ ఫలం రాదు. పెట్టె చేతికందిన 7 రోజుల్లోగా ఫిర్యాదు కాగితం మీద రాసి ఇచ్చినవారికే.