పొగ మీది, పేరు మాది

మీ గుమ్మం ముందు దిగే ప్రెషర్ కుక్కర్ ఇక మీదట పొగ లేకుండా వస్తుందట. ఈ మాట ఇచ్చింది కుక్కర్ చేసే కంపెనీ కాదు, ఇంటికి చేర్చే కంపెనీ. మన దేశంలో 2025 కల్లా 10,000 కరెంటు బండ్లు దింపుతామని అమెజాన్ చెప్పింది. ఫ్లిప్‌కార్ట్ 2030 కల్లా 25,000 అంది. వాళ్లను చూసి మిగతావాళ్లూ తలా ఒక ఏడాది, తలా ఒక అంకె అందుకున్నారు. సంతోషమే. కాకపోతే ఈ వ్యాపారంలో తిరిగే బండ్లలో చాలావాటి ఆర్‌సీ కంపెనీ పేరు మీద ఉండదు. కిస్తీ అసలే ఉండదు.

లోడు దారి చూడండి. కంపెనీ లాజిస్టిక్స్ సంస్థకిస్తుంది, అది రీజినల్ వెండర్‌కి, ఆయన సబ్ వెండర్‌కి, ఆ సబ్ వెండరు మేడ్చల్ వైపు ఏదో గోదాం గేటు దగ్గర టీ తాగుతున్న మూడు బండ్ల ఓనరుకి. ఆ మూడింట్లో ఒకటి తనే తోలుకుంటాడు, ఇంకోటి బావమరిది తోలుతాడు, మూడోదాని డ్రైవరు పండక్కి ఊరెళ్లి ఇంకా రాలేదు. కిరాయి డబ్బు పైనుంచి దిగేటప్పుడు మెట్టు మెట్టుకీ చిక్కిపోతుంది. పొగ లెక్క మాత్రం కింది నుంచి పైకి గ్రాము తరుగు లేకుండా ఎక్కుతుంది.

ఎక్కడం దేనికంటే, మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి సెబీకి ఏటా బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక ఇవ్వాలి. (చివర ఇంకో ఆర్ ఉంది, రాజకీయం లేదు, కంగారు పడకండి.) అందులో సొంత పొగ ఒక గడి, కొన్న కరెంటు తాలూకు పొగ ఇంకో గడి, ఇతరుల చేత చేయించుకున్న పనుల్లో వచ్చిన పొగ మూడో గడి. దీన్నే స్కోప్ 3 అంటారు. ఈ మూడోది రాసి తీరాలన్న నిర్బంధం లేదు గానీ ఇన్వెస్టర్లు అడుగుతుంటే ఖాళీగా వదిలేయడం బాగుండదు కదా. మన మూడు బండ్ల ఓనరు హెడ్డాఫీసు కంట పడింది ఈ గడిలోనే. యాక్సిడెంట్ అయితే ఆ డ్రైవరుతో మాకు సంబంధం లేదంటారు. సైలెన్సర్‌తో మాత్రం ఉందట.

కనిపించాడు కాబట్టి అతనికి తోడ్పడాలి. తోడ్పాటు అనగానే స్టార్ హోటల్లో సదస్సు. గుమ్మంలో ఆకుపచ్చ టోపీ, జనపనార సంచి, చిన్న మొక్క. తెర మీద ఇంగ్లిష్‌లో భూగోళం వేడెక్కుతూ ఉంటుంది, హాల్లో ఏసీకి వెండర్లు వణుకుతూ ఉంటారు. వెనక వరసలోంచి ఒకాయన లేచి, ‘‘అదంతా బాగుంది సార్, కిలోమీటరుకి ఎంత పెంచుతారు?’’ అని అడుగుతాడు. ‘‘చాలా మంచి ప్రశ్న, భోజనాలయ్యాక మాట్లాడుకుందాం’’ అంటారు. భోజనాలయ్యాక గ్రూప్ ఫొటో ఉంటుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసేటప్పుడు అత్తను కూడా ఫొటోలో నిలబెట్టడం ఒక్కటే ఈ కాలం తెచ్చిన మార్పు.

ఆయన ప్రశ్నలోనే అసలు సంగతంతా ఉంది. కరెంటు బండి తోలడం చవక, కొనడం ఖరీదు. డీజిల్ అయితే చేతిలో ఉన్నంతకే కొట్టించుకోవచ్చు, బంకు వాడు ఎరిగినవాడైతే ఖాతా కూడా రాస్తాడు. బ్యాటరీ అలా కాదు, కొన్నేళ్ల డీజిల్‌ని ఒకేసారి కొని బండి కింద కట్టుకున్నట్టు. రోజూ రూటు పడి, చక్రం తిరుగుతుంటేనే పెట్టింది తిరిగొస్తుంది. బ్యాంకు లోను నాలుగేళ్లు, కాంట్రాక్టు 11 నెలలు, అదీ నెల నోటీసుతో ఎప్పుడైనా రద్దు. ఆ కాగితం చూశాక, రేపు జప్తు చేస్తే ఈ బండి ఎంతకు అమ్ముడవుతుందో తనకే తెలియని ఫైనాన్స్ ఆయన వడ్డీ ఇంకాస్త పెంచుతాడు.

పోనీ చేసిన పనికి డబ్బన్నా వేళకి వస్తుందా? చిన్న సంస్థల బిల్లు 45 రోజులు దాటకూడదని చట్టం ఉంది. దాటితే ఆ ఏడాది ఖర్చు కింద చూపించుకోనివ్వమని 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపన్ను వాళ్లూ బెదిరిస్తున్నారు. ఆ చట్టం చూపించి డబ్బు అడిగిన వెండర్‌కి మర్నాడు సిస్టమ్‌లో రూటు కనిపించదు. కిస్తీ మాత్రం 5వ తారీఖున ఠంచనుగా కనిపిస్తుంది.

సర్కారు ఊరుకోలేదు. తెలంగాణలో కరెంటు బండ్లకు 2026 చివరి దాకా రోడ్ ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. ఇది నిజంగా మేలే. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకంలో ట్రాలీ ఆటోలకు సాయం పెట్టింది, 3.5 టన్నులు దాటిన లారీలకు గరిష్ఠంగా 9.6 లక్షలు పెట్టింది. మధ్యలో మన గల్లీల్లో ఫ్రిజ్‌లూ మంచాలూ దింపే నాలుగు చక్రాల చిన్న బండి ఉందే, దాన్ని మరిచిపోయింది. ఆ లారీ సాయానికైనా పాత లారీని తుక్కు చేసిన సర్టిఫికెట్ కావాలి. ఓనరుకి ఆ పాత లారీయే ఆస్తి, అమ్మాయి పెళ్లికి తాకట్టు పెట్టేదీ అదే.

ఇక చార్జింగ్. హబ్బులో రిబ్బను కట్ చేసిన పాయింటు ఒకటుంది, దానికి మేనేజరు గారి కారు తగిలించి ఉంటుంది. డ్రైవరు ఉండేది అద్దె గదిలో, రెండో అంతస్తు. రాత్రి కిటికీలోంచి వైరు వేలాడదీస్తాడు, వానకు తడవకుండా ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పాల ప్యాకెట్ కవరు చుడతాడు. ఇంటి ఓనరు సబ్ మీటరు పెట్టించి యూనిట్‌కి తన రేటు తను కట్టాడు. ఆ కరెంటు రామగుండం బొగ్గుదే కదా అని లా పాయింటు తీసే మేధావులున్నారు. అయ్యుండొచ్చు. బండి వెనక స్కూటర్ మీద ఆగిన పిల్లాడి ముక్కుకి మాత్రం తేడా తెలుస్తుంది.

లోను తీరేదాకా కాంట్రాక్టు, తారీఖుకి బిల్లు, హబ్బులో నాలుగు ప్లగ్గులు ఇచ్చి చూడండి. సదస్సు అక్కర్లేదు, మొక్కా అక్కర్లేదు, ఓనర్లే షోరూమ్ ముందు క్యూ కడతారు. డీజిల్ లెక్క వాళ్లకొచ్చినట్టు ఏ ఎంబీఏకీ రాదు.

సదస్సైన మర్నాడు మన ఓనరు ఫోనుకి మెసేజ్ వచ్చింది: ‘‘మీ హరిత ప్రయాణంలో మా తోడ్పాటుకు ఎన్ని స్టార్లు ఇస్తారు?’’ అయిదూ ఇచ్చేశాడు. వచ్చే నెల రూట్లు వేసేది ఆ మెసేజ్ పంపినాయనే.