సర్టిఫికెట్

మా ఆవిడ అక్క కొడుకు ఖరగ్‌పూర్ ఐఐటీలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. ఆదివారం వస్తే చాలు, మెస్ కూడు మీద అలిగి నింపురాలోని మా రైల్వే క్వార్టర్‌కి చేపల పులుసు కోసం వచ్చేస్తాడు.

"ఇంతకీ నువ్వు చదివేదేట్రా?" అంది మా ఆవిడ.

"పెద్దదిక్కు లేని కంప్యూటర్ల గుంపులో కబురెలా పాకుతుందో చూడ్డం పిన్నీ. నిజంగా 10,000 కంప్యూటర్లు ఎక్కణ్ణుంచి తెస్తాం? పీర్‌సిమ్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఒక్కదాంట్లోనే అన్నిటినీ ఆడిస్తాం. కబురు తెలిసిన ప్రతిదీ విడతకొకరి చెవిన వేస్తుంది. సుమారు 23 విడతల్లో అందరికీ తెలిసిపోతుంది. గాసిప్ ప్రోటోకాల్ అంటారు."

"దీనికి ఐఐటీ ఎందుకురా, మా కుళాయి చాలదూ?"

బీఎన్నార్ కాలంలో మా తాత ఇక్కడి కార్ఖానాకి వచ్చినప్పట్నుంచీ ఉన్న కుళాయి కబుర్లవి. నా సందేహం నాది. "దారిలో కబురు మారిపోదురా?"

"మా మోడల్లో మారదు బాబాయ్."

పై ఆదివారం వాడికి సరదా పుట్టింది. "ఎవరికీ చెప్పకు పిన్నీ, ఓ బెంగాలీ అమ్మాయిని ఇష్టపడ్డాను" అని అబద్ధం వదిలి, వాచీ చూసి టైము రాసుకున్నాడు. సోమవారం మా వీల్‌షాపులో నన్నడిగారు. మంగళవారం గోల్‌బజార్లో కూరలబ్బి అడిగాడు. బుధవారం ఆమదాలవలస నుంచి మా వదిన ఫోన్లో ఏడుపు.

"అబద్ధమని చెప్పేయ్ పిన్నీ!" చెప్పింది. అందరూ నవ్వి ఊరుకున్నారు. శుక్రవారానికి అదే కబురు తాజాగా మా గుమ్మంలోకే వచ్చింది.

వాడు తల పట్టుకున్నాడు. "1987లోనే జిరాక్స్ పరిశోధకులు రాశారు. ఒకచోట కొట్టేసిన సమాచారం, ఇంకోచోట మిగిలిపోయిన పాత కాపీతో మళ్ళీ లేచి కూర్చుంటుంది. అందుకని వెనకాలే డెత్ సర్టిఫికెట్ పంపాలి, ఆ కబురు చచ్చిందని. అదీ అందరికీ చేరాలి."

మా ఆవిడ శ్రద్ధగా విని, బిందె పట్టుకుని బయల్దేరింది.

నాలుగో రోజున ఈస్ట్‌కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌లో మా తోడల్లుడూ వదినా దిగారు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడుగైందని మేం చెప్పుకున్న ప్లాట్‌ఫారం మీద వాడు ఆ చివర నుంచి పరిగెత్తుకొచ్చాడు. వదిన ఏడవలేదు. సంచిలోంచి పట్టుచీర తీసింది.

"సర్టిఫికెట్ కూడా వచ్చేసిందట కదరా, ఇంక మేం కాదని ఏం లాభం? పిల్ల ఏదీ?"