పట్టిసీమ లాంచీకి పదకొండో నంబరు

జపాను టమియా కంపెనీ యమాటో యుద్ధనౌకను 350వ వంతు సైజుకి కుదించి, పెట్టెలో పెట్టి అమ్ముతుంది. ముక్కలు విడదీసి, అతికించి, రంగేస్తే యుద్ధం ముగిసినట్టే. పట్టిసీమ రేవు నుంచి పాపికొండలకి ఒకప్పుడు వెళ్లిన లాంచీ మాత్రం ఏ పెట్టెలోనూ దొరకదు. దాన్ని టీవీ పక్కన నిలబెట్టాలని ముచ్చటపడ్డ గోదావరి మనిషి అట్ట, ప్లాస్టిక్ షీటు, కర్ర, తీగ ముందేసుకుని సమస్తం తనే కోసుకోవాలి. మోడళ్లు చేసేవాళ్లు ఈ పనిని స్క్రాచ్ బిల్డింగ్ అంటారు. ఇంట్లోవాళ్లు ఏమంటారో ఇక్కడ రాయడం కుదరదు.

అసలు చిక్కు లెక్కలో ఉంది. నూరో వంతు స్కేలులో ఆరడుగుల ఆసామి 18 మిల్లీమీటర్లకి కుంగిపోతాడు. ఐదు సెంటీమీటర్ల రెయిలింగు గొట్టం అర మిల్లీమీటరు తీగవుతుంది. ఇక ఇనుము కోసే హ్యాక్‌సా పెడితే, అది కోతకి సుమారు మిల్లీమీటరు మింగుతుంది. అంటే అసలు లాంచీలో పది సెంటీమీటర్లు! పది కోతలయ్యేసరికి మీటరు డెక్కు గోదాట్లో కలిసినట్టే. కాబట్టి ఇక్కడ పనిముట్టుకి పదునెంతో చూస్తే చాలదు, దాని తిండెంతో కూడా చూడాలి.

తక్కువ తినేది మందుల షాపులో దొరుకుతుంది. రాజమండ్రిలో సర్జికల్ బ్లేడు 11వ నంబరు అడిగితే కౌంటర్లో కుర్రాడు ఆదుర్దాగా, “ఆపరేషన్ ఎవరికండీ?” అంటాడు.

“లాంచీకండీ.”

చిల్లర చప్పున చేతికొస్తుంది.

పదకొండోది మొన తేలిన త్రికోణం. కిటికీ మూలలు తొలవడానికి దాన్ని మించింది లేదు. పదో నంబరుకి పొట్ట వంపుగా ఉంటుంది, గుండ్రటి అంచులకి పనికొస్తుంది. ఈ రెండూ 3వ నంబరు పిడికే ఎక్కుతాయి. 4వ నంబరు పిడి ఇరవైల నంబర్ల లాంటి పెద్ద బ్లేడ్లతో తప్ప కాపురం చెయ్యదు. జాతకాలు చూడకుండా కొన్నవాడికి రెండూ మిగులుతాయి, లాంచీ మిగలదు.

అట్టకి ఇంత హంగామా అక్కర్లేదు. మొన అరిగితే విరిచి పారేసే కత్తి చాలు. దాన్ని 1956లో ఒసాకాలో యోషియో ఒకాడా తయారుచేశాడు. ప్రెస్సులో కాగితాలు కోస్తూ మొద్దుబారిన బ్లేడ్లతో విసిగిన ఆయనకి, గళ్లుగళ్లుగా విరిగే చాక్లెట్ బిళ్లను చూసి ఆ ఆలోచన వచ్చిందట.

ప్లాస్టిక్ షీటుని అడుగుదాకా కోసేద్దామనుకోవడం తొందరపాటు. స్టీలు స్కేలు ఆనించి రెండు మూడుసార్లు తేలిగ్గా గీతపెట్టి వంచితే, గీత వెంబడే టప్పున విరుగుతుంది. ప్లాస్టిక్ స్కేలు ఆనిస్తే షీటుకి ముందు స్కేలు తెగుతుంది.

కర్ర దగ్గరికొస్తే కొండపల్లివాళ్లని అడగాలి. బొమ్మలకి వాళ్లు వాడే తెల్లపొణికి తేలికైన, మెత్తని కర్ర. చేతులూ కాళ్లూ విడిగా చెక్కి, రంపంపొట్టు, చింతగింజల పిండి కలిపిన మక్కుతో అతికిస్తారు. ఇంత మెత్తని కర్రని మొద్దు బ్లేడుతో కోస్తే తెగదు, నలుగుతుంది. ఇత్తడి రేకుకైతే కంసాలి రంపమే దిక్కు. దాని 4/0 (అంటే నాలుగు సున్నాల) నంబరు ఆకు మందం 0.22 మిల్లీమీటర్లు. సున్నాలు పెరిగేకొద్దీ జీతం బలుస్తుంది, ఈ ఆకు చిక్కిపోతుంది.

చివరగా, లాంచీ పక్కలకి వేలాడే టైర్లు. కరెంటు వైరులోంచి రాగి లాగేసి, మిగిలిన తొడుగుని గడ్డం గీసుకునే బ్లేడుతో చక్రాలుగా తరుగుతారు. అన్నీ ఒకే మందం రావడానికి పక్కన చిన్న అడ్డుచెక్క అతికించుకుంటారు. అలా అచ్చు గుద్దినట్టు తరిగిన టైర్లతో మెరుస్తున్న మోడల్‌ని రేవులో ముసలి సరంగు చేతిలో పెడితే, అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు.

“బానే ఉందండి గానీ, రెండు టైర్లు ఒకేలా ఏ లాంచీకుంటాయండీ? ఒకటి లారీది, ఒకటి ట్రాక్టరుది, ఇంకోటి ఎవరో పారేసింది. సూసి కొయ్యాలండి మరి!”

ఆ సాయంత్రం మోడలిస్టు ఎలక్ట్రికల్ షాపులో మూడు రకాల వైరు కొన్నాడు, ఒక్కోటీ జానెడు. షాపాయన బిల్లు రాయడానికి సిగ్గుపడ్డాడు.